పద్దుకెక్కని చదివింపులు



మన పెళ్లిళ్లలో భోజనాల సందడికి కాస్త ఎడంగా, ఒక మూల చిన్న బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుంటారు. ఒకరి చేతిలో పుస్తకం, కలం. రెండోవారి ఒళ్లో డబ్బు సంచి. వచ్చినవాళ్లు కవరు ఇచ్చి పేరు, ఊరు చెబుతారు. పుస్తకం పట్టుకున్నాయన రాసుకుంటాడు: ఫలానా ఊరు, ఫలానావారు, 516 రూపాయలు. అది చదివింపుల పుస్తకం. పెళ్లయిన మర్నాడు దాన్ని బీరువాలో భద్రంగా పెడతారు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే తీసి చూసి, వాళ్లు పెట్టినదానికి ఒక్క రూపాయి తగ్గకుండా మనం పెడతాం. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. చుట్టరికాలు నిలబడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదే.

ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ పుస్తకానికి ఎక్కనివాళ్ల గురించి. వాళ్ల పేరు తెలియదు, ఊరు తెలియదు, మళ్లీ కనబడరు. వాళ్ల దగ్గర పుచ్చుకున్నది మాత్రం మన దగ్గర ఉండిపోతుంది. కదులుతున్న రైల్లోకి మన సంచి అందించినవాళ్లు. తెలియని ఊళ్లో పొద్దుపోయాక అడ్రసు అడిగితే, తన దారి కాకపోయినా "పదండి, నేనూ అటే" అంటూ సందు చివరిదాకా వచ్చినవాళ్లు. పసిబిడ్డతో బస్సెక్కిన తల్లి చేతుల్లోంచి అడక్కుండానే బిడ్డను అందుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాళ్లు. వీళ్లకు తిరిగి ఏం పెట్టగలం? ఎక్కడని వెతుకుతాం? తీర్చే దారి లేని రుణాన్ని మనిషి ఏం చేసుకుంటాడన్నది నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలని ప్రశ్న.

ఒకసారి విశాఖ నుంచి తిరుపతి వెళ్లే రైల్లో నాకు ఎదురు సీటులో ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, నుదుట పెద్ద బొట్టు, రెండు చేతులకూ నాలుగేసి గాజులు. తుని దాటేవరకు ఇద్దరం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. తర్వాత ఆవిడ సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి, కాగితం మీద పోసి, మధ్యలో పెట్టింది. "తీసుకోమ్మా" అంది. కాయలు ఒలుస్తూ పిల్లల గురించి, ధరల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. రాత్రి పది అయ్యేసరికి మధ్య బెర్తు ఆయన నిద్ర వచ్చి లేచి నిలబడ్డాడు. పది నుంచి పొద్దున ఆరు వరకు ఆ బెర్తు వేసుకునే హక్కు ఆయనది. ఇక పడుకోవాలి. అప్పుడు ఆవిడ చేతులు నా ముందుకు చాచి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇవి బంగారం కాదమ్మా. బంగారువి పెద్దాడి చదువుకు అమ్మేశాను. రోల్డ్ గోల్డ్ వేసుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలీదు. మా అక్కకు కూడా చెప్పలేదు."

నేనేమీ అనలేదు. ఆవిడ చేతి మీద చెయ్యి వేశానంతే. "వాడు బాగా చదువుతున్నాడులే" అని తనే చెప్పుకుని పడుకుంది. తెల్లవారి నేను లేచేసరికి ఆ బెర్తు ఖాళీగా ఉంది.

తోడబుట్టిన అక్కకు చెప్పుకోలేని మాట నాకెందుకు చెప్పింది? 1908లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ అపరిచితుడి గురించి చిన్న వ్యాసం రాశాడు. దగ్గరివాళ్ల దగ్గర దాచే విషయాలను మనుషులు బయటినుంచి వచ్చిన పరాయివాడి దగ్గర విప్పుతారని అందులో గమనించాడు. పరాయివాడికి మన ఇంటి తగాదాల్లో వాటా లేదు, రేపు ఎత్తిపొడిచే అవకాశమూ లేదు. ఆవిడ అక్కకు చెబితే ఆ మాట మర్నాటికల్లా బావగారికి చేరుతుంది. నాకు చెబితే నాతోనే పోతుంది. ఇన్నేళ్లుగా ఒక్కతే మోసిన బరువును కాసేపు దించుకోవడానికి ఆవిడకు ఒక మనిషి కావాలి, ఆ మనిషి రేపు ఉండకూడదు. ఈ రోజు ఈ సంగతి మీకు చెప్పగలుగుతున్నానంటే, ఆవిడ పేరు గానీ ఊరు గానీ నేను అడగకపోవడం వల్లే.

అడగకపోవడంలో ఎంత మర్యాద ఉంటుందో చెప్పడానికి ఇంకో ప్రయాణం గురించి చెప్పాలి. చెప్పడం కష్టమైన సంగతే అయినా చెప్పితీరాలి.

అదీ రైలే, పగటి ప్రయాణం. ఒక పెద్దాయన, ఒక కుర్రవాడు పక్కపక్కన కూర్చున్నారు. కుర్రవాడు ఏదో పరీక్ష రాయడానికి వెళుతున్నాడు. పెద్దాయన ఎంత ఆప్యాయంగా మాట్లాడారో! ఎలా చదవాలి, ఎక్కడ దిగాలి, ఏ బస్సెక్కితే సెంటరు దగ్గరవుతుంది, అన్నీ చెప్పారు. మధ్యాహ్నమైంది. ఆయన క్యారియరు తీసి పై గిన్నె మూత సగం తిప్పారు. పులిహోర వాసన వచ్చింది. "నువ్వూ తిందువుగాని బాబూ" అన్నారు. అంటూనే "మీ ఇంటిపేరేమిటి?" అన్నారు. కుర్రవాడు చెప్పాడు. ఆ పేరుతో ఆయనకు తేలినట్టు లేదు. "ఊళ్లో ఎటువైపు మీ ఇల్లు?" అన్నారు. కుర్రవాడు ఒక్క క్షణం ఆగి, తల దించకుండానే చెప్పాడు: "పేటలోనండి." పెద్దాయన చెయ్యి మూత మీదే ఆగిపోయింది. "ఇంకా ఆకలి వేయట్లేదు" అంటూ ఆ మూత బిగించి, క్యారియరు సీటు కిందకు తోశారు.

దిగేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కుర్రవాడు పుస్తకం తెరిచాడు. ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాడు. నా దగ్గరున్న అరటిపళ్లు ఇస్తే తీసుకుని "థాంక్సండి" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అది మంచి చేసినవాళ్ల పట్ల చూపే మర్యాద కాదు, ఇలాంటివి చూసి చూసి అలవాటైపోయినవాడి మర్యాద.

మనం కలుపుగోలు మనుషులమని చెప్పుకుంటాం. ఎవరితోనైనా ఇట్టే మాట కలుపుతామంటాం. నిజమే. కానీ "ఏ ఊరండీ?" నుంచి "ఇంటిపేరేమిటండీ?" మీదుగా "అయితే మీరు ఏమిట్లు?" దాకా పోయే మాటల వరస ఒకటుంది. దాని లక్ష్యం మనిషిని తెలుసుకోవడం కాదు, ఎంత దూరంలో కూర్చోబెట్టాలో తేల్చుకోవడం. టీ దుకాణాల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి సాగిన ఊళ్లు మనవి. అది పోయిందని అనుకునే చోట కూడా ఈ ప్రశ్న రూపంలో బతికే ఉంది. తోటి ప్రయాణికుణ్ని ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు కోపం. వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.

ఇదే నేల మీద దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన మనిషీ ఉంది. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. ఆ రోజుల్లో గోదావరి పాయలు దాటాలంటే పడవలే దిక్కు. వరదొచ్చినా, గాలివాన పట్టినా బాటసారులు రేవులో చిక్కుకుపోయేవారు. వేళ కాని వేళ, అర్ధరాత్రి తలుపు తట్టినా సీతమ్మగారు లేచి పొయ్యి వెలిగించి వండి వడ్డించేవారట. నువ్వెవరని అడగకుండా పెట్టేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రాంతంలో మరో మాటా వినబడుతుంది. జీవితంలో ఒక్కసారైనా అంతర్వేది నరసింహస్వామిని చూడాలని బయలుదేరారట. దారిలో ఆగినచోట, ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని ఎవరో "ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరతాంలే" అని ఊరడించడం చెవిన పడిందట. దేవుడి దర్శనం మానుకుని అక్కణ్నుంచే వెనక్కి తిరిగారట. వచ్చేవాళ్లెవరో ఆవిడకు తెలియదు, ఆకలని మాత్రం తెలుసు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరు పెట్టింది.

ఇక రోజూ కనబడుతూ ఎప్పటికీ పరిచయం కానివాళ్లు ఉంటారు. పొద్దున్నే అదే బస్‌స్టాపు, అదే వేళ, అవే ముఖాలు. భుజాన టిఫిన్ బాక్సు సంచితో ఒకాయన, యూనిఫాంలో నర్సమ్మ, చెవిలో పాటలతో కాలేజీ అమ్మాయి. వీళ్లను చూడందే రోజు మొదలవదు, అయినా ఒక్క మాటా ఉండదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఇలాంటివాళ్ల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. న్యూయార్క్ దగ్గరి రైల్వే ప్లాట్‌ఫారాల మీద రోజూ నిలబడేవాళ్ల ఫొటోలు తీయించి, వాటిని తర్వాత వాళ్లకే చూపించి అడిగితే, ఎక్కువమంది కొన్ని ముఖాలను గుర్తుపట్టారు. వాళ్లలో మాట కలిపింది మాత్రం తక్కువమందితోనే. తెలిసిన అపరిచితులు అని ఆయన వాళ్లకు పేరు పెట్టాడు. ఆయనే ఇంకో మాటా అన్నాడు: రోజూ చూసే చోట పలకరించుకోనివాళ్లు, ఏ దూర దేశంలోనో ఎదురుపడితే ఆత్మబంధువుల్లా పలకరించుకుంటారట. హైదరాబాదు స్టాపులో ముఖం తిప్పుకున్న ఇద్దరు కాశీ ఘాట్ల మీద "మీరు మన వైపు కదూ!" అని చేతులు పట్టుకోవడం మీరూ చూసే ఉంటారు.

మా స్టాపులో ఆ టిఫిన్ బాక్సాయన కొన్నాళ్లు రాలేదు. ఆయన నిలబడే కరెంటు స్తంభం దగ్గర ఖాళీ కనబడేది. తర్వాత ఒకరోజు గుండుతో వచ్చాడు. మనవాళ్లలో గుండు రెండు సంగతుల్లో ఏదో ఒకటి చెబుతుంది. తిరుపతి వెళ్లొచ్చైనా ఉండాలి, ఇంట్లో ఎవరైనా పోయైనా ఉండాలి. చూసేవాళ్ల కళ్లు వెంటనే ముఖం మీదికి వెళతాయి. ఆయన ముఖంలో మొక్కు తీర్చుకుని వచ్చినవాడి కళ లేదు. బస్సు రావడానికి ఇంకా టైముంది. నేనే దగ్గరికి వెళ్లి "చాలా రోజులైందండీ కనబడి" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మా అమ్మ పోయిందండీ" అన్నాడు. ఆ తర్వాత ఆగకుండా చెప్పుకుపోయాడు. అమ్మకు ఎన్నేళ్లో, ఏ జబ్బో, చివరి రోజున కాఫీ అడిగిందని, డాక్టరు వద్దన్నాడని తను ఇవ్వలేదని. "ఇచ్చుంటే పోయేదండీ?" అని నన్ను అడిగాడు. బస్సు వచ్చింది. ఆయన వెనక తలుపు వైపు, నేను ముందు తలుపు వైపు వెళ్లాం. మర్నాటి నుంచి ఇద్దరం తల ఊపి పలకరించుకోవడం మొదలుపెట్టాం. అంతకు మించి ఆ పరిచయం పెరగలేదు, పెరగాల్సిన అవసరమూ రాలేదు.

చికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో రైలు, బస్సు ప్రయాణికుల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. పక్కవాళ్లతో మాట్లాడితే ప్రయాణం ఎలా ఉంటుందంటే ఇబ్బందిగా ఉంటుందని, ఎవరి మానాన వాళ్లుంటేనే హాయని జనం ఊహించారు. నిజంగా మాట్లాడినవాళ్లేమో ప్రయాణం బాగా గడిచిందన్నారు. అవతలివాళ్లకు ఇష్టం ఉండదేమోనని ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు అనుకుని నోరు కట్టుకుని కూర్చుంటున్నామన్నమాట. దీనికి తోడు ఫోనొకటి.

అయితే ఇక్కడ ఆడవాళ్ల మాట వేరుగా చెప్పాలి. పరాయి మనిషంటే ఆడపిల్లకు మొదట కలిగేది భయం. ఆ భయం కారణం లేనిది కాదు. కిక్కిరిసిన బస్సులో తగిలే మోచేతిని తప్పించుకుంటూ, సంచి గుండెకు అడ్డం పెట్టుకుని నిలబడని ఆడది మన ఊళ్లలో ఉందా? అలాంటి పిల్లను "అందరితో నవ్వుతూ మాట్లాడమ్మా" అని నేను చెప్పను, ఎవరూ చెప్పకూడదు. అలాంటి బస్సులోనే నేను చూసిన ఇంకో దృశ్యం చెబుతాను. మూడో వరసలో ఒక ముసలమ్మ కిటికీ పక్కన కూర్చుంది, కాళ్ల దగ్గర కూరగాయల మూట. నడవాలో నిలబడ్డ కాలేజీ అమ్మాయి అటు ఇటు జరుగుతోంది. వెనక ఒకడు ఆమెతోపాటే జరుగుతున్నాడు. ముసలమ్మ అది చూసింది. గొడవ పెట్టలేదు. లేచి, మూట కాలితో జరిపి, "ఇటు రా బిడ్డా" అని ఆ పిల్ల చెయ్యి పట్టి కిటికీ వైపు కూర్చోబెట్టి, తను ఇవతల కూర్చుంది. కూర్చుని, వాడి కళ్లలోకి చూసింది. వాడు వచ్చే స్టాపులో దిగిపోయాడు. దిగేదాకా ముసలమ్మ చూపు తిప్పలేదు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. రద్దీ పెరిగిందని, సీట్ల కోసం గొడవలవుతున్నాయని అందరూ అంటున్నారు. కాదనను. నాకు మాత్రం జీరో టికెట్ చేత్తో పట్టుకుని, ఒకరికొకరు ఏమీ కాని ఆడవాళ్లు ఆస్పత్రి గురించి, కూతురి కాన్పు గురించి, డ్వాక్రా వాయిదాల గురించి చెప్పుకోవడం వినబడుతోంది. చార్జీ డబ్బుల కోసం ఇంట్లో చెయ్యి చాపాల్సి వచ్చి గడప దాటని కొందరికి, తమ ఊరు కాని ఆడమనిషితో మాట్లాడే అవకాశం ఇప్పుడే వచ్చింది. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. తీర్చలేని రుణాన్ని ఏం చేసుకోవాలి? దీనికి జవాబు నాకు మా నాన్నగారి దగ్గర దొరికింది.

ఆయన ఒకసారి స్కూటరు మీద హైవేలో వస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. పడిపోయారు. తల పగిలి స్పృహ తప్పింది. కార్లు పక్కనుంచి వెళ్లిపోయాయట. ఒక లారీ ఆగింది. ఆ డ్రైవరు ఆయన్ను క్యాబిన్లోకి ఎక్కించి దగ్గర్లోని ఆస్పత్రికి తెచ్చాడు. జేబులో ఉన్న ఫోన్ తీసి మా ఇంటికి చేసి, "కంగారు పడకండమ్మా, ఊపిరి బాగానే ఉంది" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే. మేం వెళ్లేసరికి ఆ డ్రైవరు లేడు. "పోలీసు కాగితాలు రాయాలి ఉండమంటే, లోడుంది, కేసులు నావల్ల కాదని వెళ్లిపోయాడమ్మా" అని నర్సు చెప్పింది. నాన్నగారి తల కింద మడతపెట్టిన ఎర్రగళ్ల తువ్వాలు ఆ డ్రైవరుదే. రక్తంతో తడిసి గట్టిపడిపోయింది.

లారీ నంబరు ఎవరూ చూడలేదు. నాన్నగారు కోలుకున్నాక ఆ దారి వెంట ధాబాల్లో అడిగించారు. దొరకలేదు. ఆ మరుసటి వేసవిలో, మా ఊరి మలుపులో లారీలు ఆగేచోట, వేపచెట్టు కింద ఆయన చలివేంద్రం పెట్టించారు. తాటాకు పందిరి, కింద ఇసుక పోసి తడిపి, దాని మీద పెద్ద కుండలు, కుండల చుట్టూ తడి గోనె. నీళ్లు పోయడానికి పెట్టిన మనిషికి ఆయన చెప్పింది ఒక్కటే: ఎవరిదే ఊరని అడగొద్దు, గ్లాసు అందరికీ ఒక్కటే. తను కూడా సాయంత్రాలు అక్కడే కూర్చునేవారు. లారీ ఆగితే లేచి స్వయంగా నీళ్లు పోసేవారు. వచ్చిన ప్రతి డ్రైవరులోనూ ఆ మనిషిని చూశారేమో నేను అడగలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ వేసవీ ఆ పందిరి తప్పలేదు. మా ఇంట్లో బంధువుల చదివింపుల లెక్క అమ్మ చూసేది, ఈ లెక్క మాత్రం నాన్నగారే చూసుకున్నారు.

ఆ లారీ డ్రైవరు భయపడింది ఎందుకో ఆలోచించండి. మంచి చేసినవాడు దొంగలా వెళ్లిపోవాల్సి వచ్చింది. స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం ఎన్ని ప్రాణాలు తీసిందో! ఈ పరిస్థితి మారాలని పోరాడినవాళ్లున్నారు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ప్రమాద బాధితులకు సాయపడేవాళ్ల రక్షణ కోసం కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు అందరూ పాటించి తీరాలని ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే కొత్త సెక్షను చేర్చారు. సదుద్దేశంతో సాయపడినవాళ్ల మీద, సాయపడబోయి జరిగిన పొరపాటుకు కేసులు పెట్టకూడదని ఆ సెక్షను చెబుతుంది. తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు గానీ మరెవరు గానీ బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. ఈ హక్కులను ఆస్పత్రులు గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా రాసిపెట్టాలి. మీ ఊరి ఆస్పత్రికి ఈసారి వెళ్లినప్పుడు ఆ బోర్డు ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన తెలుగునేల మీదే మొదలైంది. గాయపడ్డాక మొదటి గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువ. దారిలో ఎవరైనా పడి ఉంటే దయచేసి ఆగండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఆ మనిషి పక్కన ఉండండి. మీ పేరు మీరు చెప్పాలనుకుంటేనే చెప్పండి, చెప్పి తీరాలని అడిగే హక్కు ఇప్పుడు ఎవరికీ లేదు.